చిరుత గీరిన కన్ను

కాశిబుగ్గ, వరంగల్
జూన్ 9

తమ్ముడు ఓంకార్‌కు,

నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. మొన్న ఫోన్ చేస్తే మీ కోడలు మహిత ఎత్తింది. "మామయ్యకు ఫోన్ల మాట అస్సలు వినపడదత్తమ్మా, రాసి పంపుండ్రి, మంచిగ సదువుకుంటడు" అంది. రైల్వేలో ఉద్యోగమంతా ఇంజన్ల పక్కనే గడిపావు, చెవులు మిగులుతాయా మరి. సరే, రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

మా బాపు వేట కథలు పుస్తకంగా వేయిస్తున్నాను. ఆయన ఉండగా చేయాల్సిన పని. పోయాక ఇన్నాళ్లకు అటక మీది పాత వారపత్రికలన్నీ దించి, చెదలు తినగా మిగిలినవి కత్తిరించి పెట్టుకున్నాను. కాశిబుగ్గలో నూలు అమ్ముకునే సారంగపాణి సేటు ఆదివారం వస్తే తుపాకి భుజాన వేసుకుని పాలకుర్తి గుట్టల్లోకి పోయేవాడని, సోమవారం గల్లా ముందు కూర్చుని ఆ కథ రాసేవాడని ఇప్పుడు ఈ వీధిలో చెబితే ఎవరూ నమ్మరు. ఆ రోజుల్లో వేట నేరం కాదని కూడా నేనే చెప్పాల్సి వస్తోంది.

ముందుమాట నువ్వు రాయాలి. పెద్దపెద్దవాళ్లను అడగమన్నారు అందరూ. వాళ్లు అడవుల రక్షణ మీద ఒక ఉపన్యాసం రాసిస్తారు, అందులో మా బాపు ఎక్కడా కనిపించడు. నువ్వైతే మీ నాయిన రాయమల్లు కాక వెంట మా ఇంటికి వచ్చినప్పుడల్లా నూలు మూటల మీద ఎక్కి కూర్చుని, బాపు అలమారలోని వేట పుస్తకాలు ఒక్కటీ వదలకుండా చదివావు. అన్నానికి పిలిచినా దిగేవాడివి కాదు. నీకు నచ్చిన వేట రచయితలెవరు, నచ్చనివాళ్లెవరు, వాళ్ల మధ్య మా బాపు ఎక్కడ నిలబడతాడు, అది రాయి. మొహమాటం వద్దు.

చివరి కథగా 'గుట్ట మీది చిరుత' పెడుతున్నాను. మీ నాయిన ఉన్న కథ. అది రాశాక బాపు మళ్లీ తుపాకి ముట్టలేదు. చచ్చిపోతున్న చిరుత కళ్లలోకి చూశాక ఆయన మనసు విరిగిందని నా మాటగా రెండు పేజీలు రాసి పెట్టాను. మీ అమ్మ మల్లవ్వ చిన్నమ్మ ఎట్లుంది? దీపావళికల్లా పుస్తకం రావాలని నా ఆశ.

నీ అక్క,
వాసంతి


డోర్నకల్
జూన్ 24

వాసంతక్కకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. నన్ను ముందుమాట రాయమనడం నీ పిచ్చితనం, ఒప్పుకోవడం నాది. నచ్చనివాళ్లతో మొదలుపెడతాను, అది సులువు.

మీ అలమారలో ఎర్ర అట్ట పుస్తకం ఒకటుండేది, ఎవరో దొర రాసినదానికి తెలుగు. ప్రతి అధ్యాయంలో ఆయన గుర్రం దిగి చుట్ట వెలిగిస్తాడు. ఊరు ఊరంతా వచ్చి కాళ్ల మీద పడితే తప్ప బూట్లు తొడగడు. మంచె కట్టినవాడి పేరేమిటో, ఎరకు మేకను ఇచ్చినవాడి పేరేమిటో ఆఖరి పేజీ దాకా వెతికినా దొరకదు. ఇంకొకాయన జమీందారు. ఈ ఏడు ఇన్ని దుప్పులు, ఇన్ని కణుజులు అని తలకాయల లెక్క రాసుకుంటూ పోతాడు. అది కథ కాదక్కా, కటిక దుకాణం.

అందరికంటే నాకు చిరాకు తెప్పించింది తుపాకుల మీద వారం వారం రాసిన ఆ పెద్దమనిషి. గొట్టం పొడవెంత, ఇనుము ఏ దేశానిది, తోటాలో మందు ఎంత, వెనక కర్ర ఏ చెట్టుది అంటూ పేజీలకు పేజీలు. అవతల ఒక ప్రాణం నిలబడి ఉందని ఆయనకు గుర్తే రాదు. పెళ్లిచూపులకు పోయి కుర్చీల గురించి మాట్లాడి వచ్చినట్టుంటుంది.

నచ్చినవాళ్లు తక్కువ. ఒక ఫారెస్టు గార్డు ఏదో మాసపత్రికలో ఒకే ఒక్క వ్యాసం రాశాడు. పొద్దంతా ఒక కణుజు వెంట పడి, తీరా దగ్గరికి పోయాక తోటా తడిసి పేలలేదు. కణుజు ఆయన్ను ఒకసారి చూసి గడ్డి మేయడం మొదలుపెట్టింది. ఇంటికి వచ్చి జొన్నరొట్టె తిని పడుకున్నాడు. అంతే. అది ఎన్నిసార్లు చదివానో.

ఆ గార్డు పక్కన పీట వేసి కూర్చోబెట్టాల్సిన మనిషి మీ బాపే. గురి తప్పిన ప్రతిసారీ రాశాడు ఆయన. బాతులను కొట్టబోయి చెరువు గట్టు మీద ముసలమ్మ కుండ పగలగొట్టి, ఆమె తిట్టిన తిట్లు ఒక్కటీ వదలకుండా పేజీ నిండా రాసుకున్నాడు చూడు, తనను తాను అంత చిన్న చేసుకునే వేటగాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. ముందుమాటలో ఇదే రాస్తాను.

కానీ ఒక్క షరతు. 'గుట్ట మీది చిరుత' పుస్తకంలో వద్దు. కారణం అడగకు. అదొక్కటీ తీసేస్తే మిగతాదంతా నువ్వు చెప్పినట్టే.

అమ్మకు మోకాళ్ల నొప్పులు తప్ప బాగానే ఉంది. పుస్తకం ఎప్పుడొస్తదని అడుగుతోంది.

నీ తమ్ముడు,
ఓంకార్


కాశిబుగ్గ
జూలై 10

ఓంకార్‌కు,

నీ ఉత్తరం మొదటి సగం చదివి ఒక్కదాన్నే పడీపడీ నవ్వుకున్నాను. చివరికొచ్చేసరికి మనసు చివుక్కుమంది. కారణం అడగకు అంటే ఎట్లా? నేను అడుగుతాను.

ఆ కథే కదా పుస్తకానికి ప్రాణం. అందులో మా బాపు గొప్ప చెప్పుకున్నాడా? లేదే. కథంతా మీ నాయినదే. హాకా కొట్టి తోలుతుంటే చిరుత కూలీల వరస మీదికి తిరగబడింది. అందరూ పారిపోతే రాయమల్లు ఒక్కడే నిలబడ్డాడు. అది పంజాతో కన్ను గీరినా దాని మెడ వదల్లేదు. "కొట్టు సేటూ, నన్ను సూడకు, కొట్టు" అని అరిచాడు. అప్పుడు బాపు కాల్చాడు. 'రాయమల్లు కన్ను పోయింది, చిరుత ప్రాణం పోయింది, ఆ రోజుతో నాలో వేటగాడూ పోయాడు' అని ముగుస్తుంది. నేను ఎప్పుడు చదివినా ఆ చివరి మాట దగ్గర కళ్లు తుడుచుకుంటాను.

ఆ దొర పుస్తకంలో మేకను ఇచ్చినవాడి పేరు లేదని అంత కోపమొచ్చిందే నీకు, మా బాపు మీ నాయిన పేరు రాసి, ఆయన్నే కథానాయకుణ్ణి చేస్తే అది వద్దంటావేం? మా మీద మీకు ఏదైనా కోపం ఉంటే సూటిగా చెప్పు. దాచిపెట్టి షరతులు పెట్టకు.

వాసంతి


డోర్నకల్
జూలై 28

అక్కా,

సూటిగా చెప్పమన్నావు. చెబుతున్నాను.

హాకా ఎట్లా కొడతారో నీకు తెలుసు. కూలీలు వరసగా నిలబడి డప్పులతో, కేకలతో జంతువును తుపాకి వైపు తోలుకొస్తారు. దానికి ఒకటే నియమం. వరస దగ్గరికి వచ్చిందంటే తుపాకి ముందుకు ఎత్తకూడదు. జంతువు తనను దాటిపోయాక వెనక్కి తిరిగి కాల్చాలి. దొరికితే దొరికింది, లేకుంటే లేదు. మీ బాపు తన కథల్లో ఈ మాట ఎంత నిష్ఠగా రాస్తాడో నువ్వే చదువుకో. ఆ ఒక్క రోజు ఆగలేకపోయాడు. చిరుత బండల మధ్య నుంచి లేవగానే ముందుకే పేల్చాడు. చిరుత పడింది. దాని వెనక మా నాయిన ఉన్నాడు.

నాయినకు చివరి రోజుల్లో తలనొప్పి వస్తుంటే దవాఖానకు తీసుకుపోయాను. ఎక్స్‌రే వెలుతురుకు పట్టుకుని చూసి డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "మీ నాన్నకు ఎప్పుడన్నా తుపాకి దెబ్బ తగిలిందా?" అన్నాడు. కంటి గుంట చుట్టూ, చెంప ఎముకలో, బండకు కొట్టుకుని చెదిరిన సీసపు తునకలు. జొన్నగింజలు చల్లినట్టు తెల్లగా కనిపిస్తున్నాయి. చిరుత గోళ్లలో సీసం ఉంటుందా అక్కా? బయట బెంచీ మీద నాయిన పక్కన కూర్చుని అడిగాను. "ఔ బిడ్డా, సేటు తుపాకే. గిప్పుడది తవ్వుడెందుకు" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

ఆ కథ కాగితం జేబులో పెట్టుకుని బడిలో అందరికీ చూపించినవాణ్ణి నేను. మా నాయిన చిరుత మెడ పట్టుకున్నాడని చెప్పి, నమ్మనివాళ్లతో కొట్లాడినవాణ్ణి. తల నెరిశాక తెలిసింది, ఆయన దాన్ని ముట్టుకోనేలేదని. ఒంటికన్నుతో నాయిన పొలం పని సరిగ్గా చేయలేక, అమ్మ నాట్లకు, కలుపులకు పోయి మమ్మల్ని పెంచింది. అదంతా చిరుత ఖాతాలో రాసేసి, మీ బాపు 'నాలో వేటగాడు పోయాడు' అని రాసుకున్నాడు. అది వేటగాడి మాటేనా? నాటకంలో డైలాగు.

నాకు నచ్చని వేట రచయిత ఎవరని కదా అడిగావు. ఆ కథ రాసినవాడు. నచ్చినవాడు ఎవరంటే మిగతా కథలు రాసినవాడు. ఇద్దరూ మీ బాపే, నేనేం చేయను.

అబద్ధాన్ని ఇంకోసారి అచ్చు వేయకు. వేస్తే నా ముందుమాట ఉండదు.

ఓంకార్


కాశిబుగ్గ
ఆగస్టు 6

ఓంకార్‌కు,

మా బాపు లేడు. మీ నాయిన లేడు. ఇప్పుడు ఎక్స్‌రే పట్టుకొచ్చి నిలదీస్తే జవాబు చెప్పేదెవరు? ముసలమ్మ తిట్లు కూడా దాచుకోని మనిషి ఇంత పెద్ద మాట దాస్తాడా? నేను నమ్మను.

నీకు అంత కష్టంగా ఉంటే ముందుమాట రాయకు. పుస్తకం ముందుమాట లేకుండానే వస్తుంది. మల్లవ్వ చిన్నమ్మకు నా నమస్కారాలు చెప్పు.

వాసంతి


కాశిబుగ్గ
నవంబరు 3

తమ్ముడు ఓంకార్‌కు,

మూడు నెలలుగా నీకు రాయలేదు. ఏం మొహం పెట్టుకుని రాయను. ముందు ఆగస్టులో రాసిన ఉత్తరానికి నన్ను క్షమించు.

నమ్మను అని రాసి పోస్టులో వేశానే గానీ, ఆ రోజు నుంచి తిన్నది ఒంటికి పట్టలేదు. ఆ రోజు హాకాలో ఉన్నవాళ్లలో శ్యాంసుందర్ మామ ఒక్కడే మిగిలాడు, బాపుతో కలిసి వేటకు పోయేవాడు, నీకు గుర్తుండే ఉంటాడు. గిర్మాజీపేటలో ఉంటున్నాడు. పోయి అడిగాను. "ఇన్నేండ్లకు అడిగినవా బిడ్డా" అని మొదలుపెట్టాడు.

నువ్వు చెప్పింది నిజం. బాపు ముందుకే కాల్చాడు. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు.

కానీ నీకు తెలియనిది ఒకటి మామ చెప్పాడు. మీ నాయినను ఎడ్లబండిలో పడుకోబెట్టి దవాఖానకు తెస్తున్నారట. బాపు తువ్వాలతో ఆ కన్ను అదిమిపట్టి ఏడుస్తూ, పోలీసుల దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెబుతానన్నాడట. మీ నాయిన ఆయన చేయి పట్టుకుని ఆపాడట. "వద్దు సేటూ. సేటు తుపాకికి అడ్డం వోయి కన్ను పోగొట్టుకున్నడంటే నన్ను చూసి నవ్వుతరు. చిరుత గీరిందని చెప్పుండ్రి. పదూర్లోల్లు చెప్పుకుంటరు" అన్నాడట. మామ నాకు ఆ మాటలు అట్లనే చెప్పాడు.

కథ రాయమన్నది కూడా ఆయనేనట. బాపు ససేమిరా అంటే వెంటపడి రాయించాడట. రాశాక చదివించుకుని, "గట్ల నిలవడ్డ అంటే సరిపోతదా, దాని మెడ వట్టుకున్ననని రాయి" అని మార్పించాడట. 'కొట్టు సేటూ' అన్న మాట కూడా ఆయన చెప్పిందే. బాపు రాసింది ఆ చివరి వాక్యం ఒక్కటేనేమో. నువ్వు దాన్ని నాటకం డైలాగు అన్నావు. ఆయన తన తప్పును ఆ కథలో చెప్పుకోగలిగింది ఆ ఒక్క మాటలోనేనని నాకు అనిపిస్తోంది. చిరుత కళ్లు చూసి మనసు విరిగిందని నేను రాసిన రెండు పేజీలు చించేశాను. ఎవరి కన్ను చూసి విరిగిందో ఇప్పుడు తెలిసింది.

ఇంత తెలిశాక ఆ కథను ఏం చేయాలో నాకు పాలుపోలేదు. ఉన్నది ఉన్నట్టు వేస్తే నీ మాట కాదన్నదాన్నవుతాను. నిజం రాసి వేద్దామంటే మీ నాయిన వద్దన్న పని చేసినట్టవుతుంది, బాపును నా చేత్తో బజార్లో నిలబెట్టినట్టూ అవుతుంది. అంత ధైర్యం నాకు లేదు. అందుకే కథ మొత్తం తీసేశాను. ప్రెస్సు వాళ్లకు ఆఖరి నిమిషంలో చెప్పాను. నీకోసమే తీశాను, కొడుకువి నువ్వు, నీ మాట నిలబడాలి.

పుస్తకం వచ్చింది. పార్సిల్లో పంపుతున్నాను. అందరి ఊళ్లు, అందరి పేర్లు ఉన్నాయి అందులో. రాయమల్లు కాక పేరు ఎక్కడా లేదు. అది చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటోంది. నేను చేసింది సరైందేనా అని నిన్నే అడుగుతున్నాను.

నీ అక్క,
వాసంతి


డోర్నకల్
నవంబరు 20

వాసంతక్కకు,

పార్సిల్ అందింది. నీ ఉత్తరం పుస్తకం లోపల ఉంది. అది నేను తర్వాత చదివాను. ముందే చదివి ఉంటే ఎంత బాగుండేది.

నీకు నేను ఒక మాట దాచాను. దవాఖాన బెంచీ మీద నాయిన ఇంకేం మాట్లాడలేదని రాశాను కదా. మాట్లాడాడు. "మీ అమ్మకు చెప్పకు బిడ్డా. ఆమె మొగడు చిరుతను వట్టినోడు. గట్లనే ఉండనియ్" అన్నాడు. అమ్మకు ఈ రోజు దాకా తెలియదు. నాట్లేసే చోట, పెళ్లిళ్లలో, రైలు డబ్బాలో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా అమ్మ ఆ కథే చెబుతుంది. నాయినతో ఆమె పడ్డ కష్టానికి మిగిలింది అదొక్కటే. ఈ సంగతి నీకు చెబితే కథ ఉంచేదానివి. ఉంచడం నాకు ఇష్టం లేదు, కోపంలో ఉన్నాను. అందుకే చెప్పలేదు. నాకు నిజం కావాలి, నిజం కావాలి అని ఎగిరాను గానీ, అది ఎవరి ముందు పెడుతున్నానో ఆలోచించలేదు.

పార్సిల్ వచ్చిన పొద్దున అమ్మ తలస్నానం చేసి, పెట్టెలోంచి పట్టంచు చీర తీసి కట్టుకుంది. పక్కింటి రమను, ఎదురింటి మొగిలమ్మను పిలిపించుకుంది. "మా ఆయన పేరు బుక్కుల అచ్చువడ్డది, మా కొడుకు సదువుతడు, వినుండ్రి" అని మంచం మీద కూర్చుంది. నేను కవరు చింపి పుస్తకం తీశాను. ఆ కథ వద్దన్నది నేనే కదా. అయినా విషయసూచిక మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి వెతికాను, నా మాట నువ్వు విని ఉండవేమో అని. విన్నావు.

"ఏందిరా, దొరుకుతలేదా?" అంది అమ్మ.

దొరికిందని చెప్పాను అక్కా, అమ్మకు చదువు రాదు కదా. మధ్యలో ఏదో కుందేలు కథ తెరిచి, దాని ముందు కూర్చుని, 'గుట్ట మీది చిరుత' చదవడం మొదలుపెట్టాను. నేను ఎప్పుడూ కంఠస్థం పట్టలేదు. నిజం తెలిశాక అసహ్యించుకున్నాను ఆ కథను. అయినా ఒక్క వాక్యం తప్పకుండా వచ్చింది. వరస, డప్పులు, బండలు, అన్నీ వచ్చాయి. 'కొట్టు సేటూ' దగ్గరికి వచ్చేసరికి అమ్మ పెదవులు నాకంటే ముందే కదిలాయి. నేను నాటకం డైలాగు అన్న ఆ చివరి మాట చదవలేకపోయాను. అమ్మే పూర్తి చేసింది.

మొగిలమ్మ కళ్లు తుడుచుకుంది. అమ్మ పుస్తకం తీసుకుని కళ్లకద్దుకుని, "ఏ పేజీల ఉన్నదో మడత వెట్టియ్" అంది. కుందేలు కథ పేజీ మడత పెట్టి ఇచ్చాను.

నీ ఉత్తరం ఆ సాయంత్రం చదివాను. మెడ పట్టుకున్నానని రాయి అని నాయిన చెప్పి రాయించుకున్నాడని తెలిసి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మీ బాపును ఎన్ని మాటలన్నాను. ఆ దొర పుస్తకంలో పేరు లేదని తిట్టినవాణ్ణి, మా నాయిన పేరు నా చేతులతో నేనే తీయించాను. నువ్వు చేసింది సరైందేనా అని అడిగావు. తప్పు నీది కాదు. నేను అడిగిందే నువ్వు ఇచ్చావు.

ఇప్పుడు నేను ఇంట్లోంచి బయటికి పోవడం మానేశాను. ఎవరు వచ్చినా అమ్మ పుస్తకం తెచ్చి ఆ పేజీ తెరిచి "జర సదువు" అని ముందు పెడుతోంది. మహితకు చెప్పి ఉంచాను, ఆమె ఏదో ఒక సాకుతో తప్పిస్తోంది. నిన్న రమ చేతికిచ్చింది. రమ కళ్లజోడు పెట్టుకుని 'కుందేలు' అని నోరు తెరవగానే పుస్తకం గుంజుకున్నాను. అమ్మ నా వైపు అదోలా చూసింది.

అక్కా, ప్రెస్సు వాళ్లతో మాట్లాడి ఆ కథ ఒక్కటీ అదే కాగితం మీద, అదే అక్షరాలతో అచ్చు వేయించి పంపుతావా? ఆ మడత పెట్టిన చోట అంటిస్తాను. మెడ పట్టుకున్నది, కన్ను గీరింది, చివరి మాట, అన్నీ మీ బాపు రాసినట్టే ఉండాలి. తొందరగా పంపు. నేను ఇంట్లో లేని రోజు ఎవరో ఒకరు అమ్మకు ఆ కుందేలు కథ చదివి వినిపిస్తారు.

నీ తమ్ముడు,
ఓంకార్